షాంపూ మాని కండిషనరుతో తల కడుగవచ్చునా?

హైదరాబాదు పాతబస్తీలోని ఛత్రినాక, గౌలిపుర, లాల్ దర్వాజా వీధులలో ఏ కిరాణా దుకాణము ముందు నిలిచినను దండలవలె వ్రేలాడు షాంపూ ప్యాకెట్లు కనబడును. అడిగినచో లోపలి నుండి కుంకుడుకాయలను, శీకాయ పొడిని తీసి యిత్తురు. అక్కడి ఉర్దూ మాటాడు కుటుంబములు కుంకుడుకాయను రీఠా అందురు. ఇటీవల పెద్ద అంగళ్ళలో ఈ రెండింటికి తోడు మూడవ వస్తువు కూడ చేరినది. దానిని శుభ్రపరచు కండిషనరు అందురు. అది చూచుటకు వెన్నవలె తెల్లగా ఉండును, నురుగు దాదాపు రాదు. షాంపూ జోలికి పోకుండ దీనితోనే తల కడిగికొనిన జుట్టు మెత్తగా, ఒత్తుగా ఉండునని ప్రచారము జరుగుచున్నది.

ఇది నిజమేనా? ఈ ప్రశ్న అలంకరణకు మాత్రమే సంబంధించినది కాదు. పదవ తరగతి చదువు బాలబాలికల వయస్సులోనే తలలో జిడ్డు పెరుగును, చుండ్రు మొదలగును. జుట్టు రాలుచున్నదన్న దిగులు కూడ అప్పుడే పట్టుకొనును. ఆ దిగులులో ప్రకటనను నమ్మి ఒకదాని తరువాత ఒకటి కొనువారికి ధన నష్టము, ఒక్కొక్కప్పుడు చర్మ బాధ తప్పవు. కావున ఈ పదార్థములు పనిచేయు విధమును తెలిసికొని, తమకేది తగునో నిర్ణయించుకొనుట మేలు.

తలపై నున్న మురికి యెట్టిది?

తలపై ధూళి, చెమటలోని ఉప్పు, రాలిన చర్మపు పొలుసులు, జిడ్డు చేరియుండును. ధూళిలో కొంత, ఉప్పు నీటితోనే పోవును. జిడ్డు మాత్రము పోదు. ప్రతి వెండ్రుక మొదటను ఒక స్నేహగ్రంథి ఉన్నది. అది స్రవించు జిడ్డులో కొవ్వులు, మైనములు, స్క్వాలీన్ అను నూనె వంటి పదార్థము ఉండును. మన ఇండ్లలో దీనికి తోడు కొబ్బరి నూనెయో, నువ్వుల నూనెయో పట్టింతుము. నీటికి, నూనెకు పొత్తు కుదరదు. ధూళి ఆ నూనెనంటుకొని నిలిచిపోవును. కాబట్టి తల కడుగుట యనగా ముఖ్యముగా నూనెను నీటిలోనికి తెచ్చుట.

ఆ పని చేయు అణువులకు రెండు కొనలుండును. ఒక కొన నీటిని ప్రేమించును, రెండవది నూనెను ప్రేమించును. ఇట్టి అణువులు నీటిలో తగినన్ని చేరినప్పుడు నూనె కొనలు లోపలికి, నీటి కొనలు బయటికి ఉండునట్లు చిన్న చిన్న బంతులుగా గుమిగూడును. వీనికి మిసెల్‌లని పేరు. జిడ్డు ఈ బంతుల లోపల చిక్కుకొని నీటితో కొట్టుకొనిపోవును. సబ్బు, కుంకుడు రసము, షాంపూ, కండిషనరు అన్నియు ఈ సూత్రము మీదనే పనిచేయును. వీనిలో భేదమంతయు ఆ నీటిని ప్రేమించు కొన ఎట్టిదన్న దానిపై ఆధారపడియున్నది.

వెండ్రుక కథ

వెండ్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. దాని పైభాగమున ఇంటి పైకప్పు పెంకులవలె ఒకదానిపై నొకటి వాలి, ఆరు నుండి పది పొరల పొలుసులుండును. కొత్తగా పుట్టిన వెండ్రుక పొలుసులపై అతి పలుచని కొవ్వు పూత ఉండును. నీటిని దరి చేరనీయని ఆ పూత వలననే జుట్టు నిగనిగలాడును, చిక్కు పడదు. ఎండ, దువ్వెన రాపిడి, రంగులు, క్షారములు ఆ పూతను క్రమముగా అరగదీయును. పూత పోయిన చోట వెండ్రుక ఉపరితలముపై ఋణావేశము పెరుగును. పొలుసులు లేచి ఒకదానితో నొకటి పట్టుకొనును. చిక్కు, గరుకుదనము వీని ఫలితములే.

ఇచట ఒక చిన్న లెక్క చూడుడు. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగును. పదవ తరగతి బాలిక జడ 60 సెంటీమీటర్లున్నదనుకొందము. ఆ జడ కొస పుట్టి 60 నెలలు, అనగా 5 సంవత్సరములైనది. ఆమె ఐదవ తరగతిలో ఉన్నప్పుడు మొలచిన వెండ్రుక కొసయే ఇప్పుడు జడకుచ్చులలో నున్నది. ఐదేండ్ల ఎండను, నీటిని, దువ్వెనను అది ఓర్చినది. పైగా చర్మము దాటి బయటికి వచ్చిన వెండ్రుకలో ప్రాణము లేదు. కాబట్టి పైన పూసిన ఏ పదార్థమును దానికి పోషణ నీయలేదు. మిగిలిన పూతను కాపాడుట, పోయిన పూతకు బదులు తాత్కాలికముగా మరియొకటి వేయుట, ఈ రెండే మనము చేయగలిగినవి.

జడ మొదలుకు కావలసినది శుభ్రత, కొసకు కావలసినది రక్షణ. ఈ భేదమును గుర్తించినచో మన ప్రశ్నలో సగము విడిపోయినట్లే.

కుంకుడుకాయ నుండి షాంపూ వరకు

కుంకుడు చెట్టు శాస్త్రనామమైన సపిండస్ అను మాటకు లాటినులో భారతదేశపు సబ్బు అని అర్థము. కాయ పెచ్చులో సపోనిన్‌లను పదార్థములున్నవి. ఈ అణువులో ఒక ప్రక్క నూనెను ప్రేమించు భాగమును, మరియొక ప్రక్క నీటిని ప్రేమించు చక్కెర గొలుసులును ఉన్నవి. రసమునకు కొద్దిగా ఆమ్ల గుణముండుటచే వెండ్రుక పొలుసులు ఎక్కువగా లేవవు. శీకాయలోను సపోనిన్‌లే పనిచేయును. మన్యపు గిరిజనులు సేకరించు కుంకుళ్ళను, శీకాయలను కొని అమ్ముటకు 1956లో విశాఖపట్నము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. ఇప్పటికిని ఈ కాయలు ఎందరికో జీవనాధారము.

కుంకుడు రసములో మందారాకు నలిపి కలుపుట మన పెద్దల అలవాటు. ఆకులోని జిగురు వెండ్రుకలకు పలుచగా అంటి జారుడుదనమిచ్చును. కడుగు పదార్థమును, మెత్తపరచు పదార్థమును ఒకే గిన్నెలో కలిపినారన్నమాట. అన్నపు గంజి కలుపుటలోను ఇదే భావమున్నది. అయితే కుంకుడు రసము కంటిలో పడినచో మండును, కన్ను ఎర్రబారును. సహజమైనది గనుక హాని చేయదనుట సరికాదు.

షాంపూ అను మాట మన దేశమునుండియే ఇంగ్లండుకు పోయినది. చాంపో, అనగా పిసుకుట, మర్దించుట అను హిందీ మాట దానికి మూలము. పాట్నాకు చెందిన షేక్ దీన్ మహమ్మద్ 19వ శతాబ్దపు ఆరంభమున ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణములో ఆవిరి స్నానములతో కూడిన మర్దన శాల నడపి ప్రసిద్ధుడైనాడు. తరువాత ఆ మాట తల కడుగు ద్రవ్యమునకు పేరైనది. 1930వ దశకమున సబ్బు కాని కృత్రిమ క్షాళన ద్రవ్యములతో షాంపూలు వచ్చినవి. మన ప్రాంతములో షాంపూను చిన్న ప్యాకెట్ల రూపమున సామాన్యుని ఇంటికి చేర్చినవారిలో తమిళనాడులోని కడలూరు వ్యాపారులు ముఖ్యులు. 1983లో సి.కె.రంగనాథన్ అచ్చట స్థాపించిన సంస్థ వానిలో ఒకటి.

నేటి షాంపూలలో పెక్కింటియందు సోడియం లారెత్ సల్ఫేటు ప్రధానమైన క్షాళన ద్రవ్యము. దాని నీటి కొనకు ఋణావేశమున్నది. వెండ్రుకకు కూడ ఋణావేశమే గనుక ఆ అణువులు వెండ్రుకనంటక, జిడ్డును పట్టుకొని నీటితో వెడలిపోవును. కడుగుటకిది చాల అనుకూలము. కాని తలపై నున్న అదనపు జిడ్డుతో పాటు కొసలందు మిగిలియున్న కొద్దిపాటి కొవ్వును కూడ తీసికొనిపోవును. అందుచేత ఎండిన జుట్టు గలవారికి షాంపూ తరువాత జుట్టు పీచువలె తోచును.

కండిషనరు చేయు పని

కండిషనరులోని ముఖ్య అణువులకు నీటి కొనయందు ధనావేశముండును. సెట్రిమోనియం క్లోరైడు, బెహెన్ట్రిమోనియం క్లోరైడు ఇట్టివి. విజాతి ఆవేశములు ఆకర్షించుకొనునని భౌతిక శాస్త్రములో చదివియున్నాము. అదే నియమమున ఈ అణువులు ఋణావేశముగల వెండ్రుకకు అంటుకొనును. ఎచ్చట పూత ఎక్కువగా పోయినదో అచ్చటనే ఎక్కువగా అంటును. వాని నూనె కొనలు బయటికి తిరిగి కొత్త పూత ఏర్పడును. వీనికి తోడుగా సెటైల్ ఆల్కహాలు వంటి మైనపు పదార్థములను చేర్చుదురు. పేరులో ఆల్కహాలు ఉన్నను ఇది సారాయి కాదు, జుట్టునెండబెట్టదు. కండిషనరుకు వెన్నవంటి చిక్కదనము దీని వలననే వచ్చును.

శుభ్రపరచు కండిషనరులో ఋణావేశపు క్షాళన ద్రవ్యముండదు, ఉన్నను చాల స్వల్పము. ధనావేశపు అణువులును, మైనపు పదార్థములును కలిసి కొంత జిడ్డును తమలో కలుపుకొని నీటితో పోవును. వ్రేళ్ళతో తలను రుద్దు రాపిడియు తోడ్పడును. కాబట్టి ఇది కడుగదనుట తప్పు. అయితే కడుగు అణువులే వెండ్రుకను అంటిపెట్టుకొనునవి గనుక దీని శక్తి స్వల్పము. నిలుపుకొనుట దీని స్వభావము, తొలగించుట షాంపూ స్వభావము.

నురుగు తక్కువగుట మాత్రము లోపము కాదు. నురుగు వేరు, శుభ్రత వేరు. నూనె బాగుగా పట్టిన తలకు మొదటిసారి షాంపూ రుద్దినప్పుడు నురుగు అంతగా రాదు. రెండవసారి విరివిగా వచ్చును. నూనె నురుగును అణచుటయే దీనికి కారణము. కాబట్టి నురుగు చూచి నూనె పోయినదని ఊహింపవచ్చునే గాని, నురుగే నూనెను తీసినదనరాదు.

నల్లా నీరు, బోరు నీరు

తలస్నానమున పదార్థము సగమైనచో నీరు సగము. హైదరాబాదు నగరము గ్రానైటు శిలలపై వెలసినది. ఆ శిలల పగుళ్ళలో నిలిచిన నీరు కాల్షియం, మెగ్నీషియం లవణములను కరగించుకొని బోరు ద్వారా పైకి వచ్చును. 1908లో మూసీ వరద తరువాత నిర్మింపబడిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) మొదలు, 2004 నుండి వచ్చుచున్న కృష్ణా జలము వరకు నల్లా నీరు నదుల నుండి వచ్చునది గనుక సాధారణముగా బోరు నీటికంటె మృదువైనది. ఇంటిలో నల్లా వచ్చు వేళ ఒకటి, బోరు వాడు వేళ మరియొకటి. అందుచే ఒకే మనిషి ఒకే పదార్థముతో తల కడిగికొన్నను జుట్టు ఒక వారము మెత్తగా, మరొక వారము గరుకుగా ఉండవచ్చును. త్రాగునీటి భారత ప్రమాణము ప్రకారము కఠినత్వము లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండవలెను. వేరు ఆధారము లేనిచోట 600 వరకు అనుమతింతురు.

కఠిన జలములో సబ్బు కాల్షియముతో కలిసి తెల్లని తెట్టుగా మారి జుట్టున పేరుకొనును. ఒంటి సబ్బుతో తల రుద్దుకొనువారి జుట్టు బంకగా నుండుటకు హేతువిదే. షాంపూలోని సల్ఫేటు ద్రవ్యము కఠిన జలములోను చక్కగా పనిచేయును. కుంకుడు రసము కూడ సబ్బువలె తెట్టు కట్టదు. కండిషనరు అణువులకు ధనావేశమున్నందున కాల్షియముతో వానికి పేచీ లేదు. కాని కఠిన జలములోని కాల్షియం అయానులును ధనావేశము గలవే. అవియు వెండ్రుక మీది ఋణ స్థానములకు చేరును. కావున బోరు నీటితో తల కడిగినను, చివరి రెండు చెంబులు నల్లా నీరు పోసికొనుట మంచిది.

ఎవరికి తగును? ఎవరికి తగదు?

ఉంగరాల జుట్టు గలవారు, రంగు వేసికొనువారు, పొడి జుట్టు గలవారు, తలకు నూనె తక్కువగా వాడువారు శుభ్రపరచు కండిషనరు వలన లాభము పొందవచ్చును. ఉంగరాల జుట్టులో జిడ్డు మొదటినుండి కొసకు సులభముగా జారదు. కొస ఎండిపోవును. 2001 ప్రాంతమున అమెరికాలో లోరేన్ మాసీ అను కేశకారిణి ఇట్టి జుట్టుకు షాంపూ మానవలెనని పుస్తకము వ్రాయుటతో ఈ పద్ధతికి ప్రచారము కలిగినది. ఆ సలహా నూనె పెట్టుకొనని, ఉంగరాల జుట్టు గల స్త్రీల కొరకు పుట్టినదని మనము మరువరాదు.

మన ఇండ్లలో సంగతి వేరు. శనివారము రాత్రి తలనిండ కొబ్బరి నూనె పట్టించి ఆదివారము తలకు పోసికొందురు. ఆషాఢములో లాల్ దర్వాజా సింహవాహిని మహంకాళికి బోనమెత్తు నాడు తలస్నానము తప్పదు. ఇంత నూనెను తీయు శక్తి శుభ్రపరచు కండిషనరుకు లేదు. నూనెపై మైనపు పూత చేరి, దానిపై వీధి ధూళి పట్టి, మూడవనాటికే తల బరువెక్కును. కొబ్బరి నూనె మాత్రము వ్యర్థము కాదు. 2003లో రెలే, మోహిలే అను పరిశోధకులు కొబ్బరి నూనె వెండ్రుక లోపలికి చొచ్చుకొనిపోయి, కడుగునప్పుడు మాంసకృత్తు నష్టమును తగ్గించునని ప్రకటించినారు. వారు ఆ నూనెను అమ్ము సంస్థకు చెందినవారన్న సంగతిని కూడ గుర్తుంచుకొని దీనిని చదువవలెను. నూనె పెట్టువారు కడుగుటకు కుంకుడునో, తేలికైన షాంపూనో వాడి, కొసలకు మాత్రము మామూలు కండిషనరు రాచుట ఉభయతారకము.

చుండ్రు గలవారు ఈ మార్పు చేయకుండుటయే మంచిది. చుండ్రుకు సంబంధించిన మలస్సీజియా అను సూక్ష్మ శిలీంధ్రము తల జిడ్డులోని కొవ్వులను ఆహారముగా గొనును. జిడ్డు నిలిచినకొలది దానికి విందు. అట్టివారికి కీటోకొనజోల్ వంటి ఔషధము గల షాంపూను వైద్యుడు సూచించును. షాంపూ మానినచో కొన్ని వారములలో జిడ్డు తానే తగ్గునను మాటను కూడ నమ్మరాదు. స్నేహగ్రంథులు ముఖ్యముగా శరీరములోని హార్మోనుల ఆజ్ఞకు లోబడి పనిచేయును. కౌమారములో జిడ్డు పెరుగుటకు కారణము షాంపూ కాదు, వయస్సు.

రోజుకు 50 నుండి 100 వెండ్రుకలు రాలుట సహజము. వారమునకొకసారి తల కడుగువారికి ఆ వారము రాలినవన్నియు ఒకేసారి చేతికి వచ్చును. అవి చూచి భయపడనక్కరలేదు. పాయలు పాయలుగా రాలినను, మాడుపై మచ్చలు కనబడినను వైద్యునికి చూపవలెను.

ఒక హెచ్చరిక

2016 జూలైలో అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ ఒక ప్రకటన చేసినది. వెన్ అను పేరుతో అమ్ముడుపోవుచున్న శుభ్రపరచు కండిషనర్ల విషయమున జుట్టు రాలుట, విరుగుట, దురద, దద్దురు మొదలగు బాధలను గురించి తనకు నేరుగా 127 ఫిర్యాదులు వచ్చినవని తెలిపినది. తయారీ, విక్రయ సంస్థలకు అట్టివి 21,000కు పైగా చేరినట్లు కూడ తెలిసినది. ఆ కండిషనరే కారణమని ఆ సంస్థ అప్పుడు తేల్చి చెప్పలేదు. అయితే వేల కొలది ఫిర్యాదులు అంతకాలము ప్రభుత్వమునకు తెలియకపోవుట అందరిని ఆలోచింపజేసినది. తీవ్రమైన హాని జరిగినప్పుడు తయారీదారు ప్రభుత్వమునకు తెలుపవలెనని అచ్చట 2022లో చట్టము చేసినారు.

మనము గ్రహింపవలసినది సులభమే. మృదువైనదన్నంత మాత్రమున ఏదియు అందరికి సరిపడదు. కొత్త పదార్థమును మొదట మోచేతి లోపలి చర్మముపై కొద్దిగా రాచి, ఒకటి రెండు రోజులు చూడవలెను. దురద గాని, మంట గాని కలిగినచో వాడరాదు. సీసాపై అచ్చువేసిన పదార్థముల పట్టికను చదువు అలవాటు చేసికొనవలెను. సెట్రిమోనియం, బెహెన్ట్రిమోనియం అను పేర్లు కనబడి, లారెత్ సల్ఫేటు వంటివి లేనిచో అది కండిషనరు జాతిదని గ్రహింపవచ్చును.

తరగతిలో చేయదగిన ప్రయోగములు

1. నీటి పరీక్ష: ఒకే పరిమాణము గల ఆరు గాజు సీసాలు తీసికొనుడు. మూడింటిలో నల్లా నీరు, మూడింటిలో బోరు నీరు సమానముగా పోయుడు. ప్రతి రకపు నీటిలోను ఒక సీసాకు సబ్బు నీరు, ఒకదానికి షాంపూ, ఒకదానికి కుంకుడు రసము 10 చుక్కల చొప్పున వేసి, 20 మార్లు కుదిపి నురుగు ఎత్తును స్కేలుతో కొలువుడు. బోరు నీటిలో సబ్బు సీసాయందు నురుగు తగ్గి తెట్టు తేలుట కనబడును.

2. నూనె పరీక్ష: దువ్వెనలో చిక్కిన వెండ్రుకలను సమానమైన ఐదు ఉండలుగా చేయుడు. నాలుగింటికి నాలుగేసి చుక్కల కొబ్బరి నూనె పట్టించి, ఒకదానిని వట్టి నీటిలో, ఒకదానిని శుభ్రపరచు కండిషనరుతో, ఒకదానిని కుంకుడు రసముతో, ఒకదానిని షాంపూతో ఒకే కాలము కడుగుడు. ఐదవ ఉండకు నూనె పెట్టక కండిషనరుతో మాత్రము కడుగుడు. నీడలో ఆరిన తరువాత ఒక్కొక్క దానిని తెల్ల కాగితముల నడుమ నుంచి, పైన బరువైన పుస్తకము పెట్టి మరునాడు కాగితమును వెలుతురుకెత్తి చూడుడు. నూనె మిగిలినకొలది మరక పెద్దదగును. ఐదవ ఉండ ఎందుకు? కండిషనరు తానే మరక చేయుచున్నదేమో తెలిసికొనుటకు. ఇట్లు పోల్చి చూచుటకు ఉంచుకొను నమూనా లేనిదే ఏ ప్రయోగమును నమ్మరాదు.

తలకు ఏది వాడవలెనని ఎవరైన అడిగినచో మూడు ప్రశ్నలు తిరిగి వేయుడు: నీ తలపై నూనె ఎంత? నీ ఇంటి నీరు ఎట్టిది? నీ జుట్టు ఎట్టిది? వీనికి జవాబు తెలిసినచో ప్రకటన చూడనవసరము లేదు. నూనె లేని పొడి జుట్టుకు శుభ్రపరచు కండిషనరు చాలును. జిడ్డు తలకు, నూనె తలకు కుంకుడుకాయయో, షాంపూయో కావలెను. జడ కొస కండిషనరును కోరుచున్నను, మాడు దానిని కోరుట లేదు.